పులిజూదమాడువారి వయస్సు: అనకాపల్లి సీమ ఆటలను గూర్చి యొక విచారణ

ఒక ఆట ఆడువారందఱు వృద్ధులైరన్న మాట, ఆ ఆట నశించుచున్నదనుటకు చాలిన సాక్ష్యమగునా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా దోచును. కాని జానపద విద్యలను గూర్చి మనము చేయు నిర్ణయములలో పెక్కింటికి ఇదియే పునాది. "ముసలివారే ఆడుచున్నారు, వారితో ఇది సరి" యని వ్రాసి ముందునకు సాగిపోవుట పరిపాటియైనది. అనకాపల్లి పరిసర గ్రామములందలి పులిజూదమును గూర్చియు నిపు డదే మాట వినవచ్చుచున్నది. అది యెంతవఱకు నిజము, నిజమైనచో కారణమేమి యని విచారించుటయే మా యుద్దేశము.

ఈ చింత మన సీమకే పరిమితము కాదు. పశ్చిమదేశములలో పాత్రధారణ క్రీడ యనదగిన బల్లమీది యాట యొకటి కలదు. దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. వారిలో నొకడు సూత్రధారుడు. అతడు స్థలమును, సమయమును, ఎదురైన అపాయమును వర్ణించును. తక్కినవారిలో ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. తన పాత్ర యేమి చేయునో ఎవనికి వాడు నోటితో చెప్పును. అది నెరవేఱునా లేదా యను సందేహము కలిగినచోట పాచిక తీర్పు చెప్పును. గెలుపోటములు లేవు, కథ నడచుటయే ఫలము. ఈ తరగతిలో అచ్చుపడి ప్రసిద్ధికెక్కిన మొదటి యాట డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దానిని 1974లో ప్రకటించిరి. తొలి ముద్రణము 1000 ప్రతులు మాత్రమే. కర్తలలో మొదటివాడు 2008లోను, రెండవవాడు 2009లోను గతించిరి. బాల్యమున దానిని నేర్చిన మొదటి తరమువారికి నేడు అఱువదియేండ్లు దాటినవి.

ఆ యాటవారి వయస్సును గూర్చిన వివాదములో మా విషయమునకు మిక్కిలి పనికివచ్చు సంగతి యొకటి కలదు. ఆ యాటను 1997లో వశపఱచుకొన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1999లో ఆటగాండ్రను గూర్చి విపులమైన పరిశీలన జరిపించెను. ఆ పరిశీలనలో 12 మొదలు 35 ఏండ్ల లోపువారినే లెక్కించిరి. 1974లో పదునైదేండ్లవాడు 1999 నాటికి నలుబదియేండ్లవాడు. అనగా ఆటతోపాటు పుట్టి దానిని నిలిపిన మొదటి తరమే ఆ లెక్కకు వెలియైనది! ఆటగాండ్ర వయస్సును కనుగొనవలెనని పూనుకొన్నచోటనే వృద్ధులు కనబడకుండ పోయిరి. మన యెడ దీనికి సరిగా విపరీతము: మనము దేవాలయ మండపమునకు పోయి, అక్కడ కూర్చున్న వృద్ధులను చూచి, ఆటగాండ్రందఱు వృద్ధులే యని తేల్చుదుము. లెక్కించు స్థలమును బట్టియే లెక్క. తరువాతి చరిత్రయు గమనింపదగినది. 2014లో ఆ యాటకు అయిదవ కూర్పు వెలువడినది. మఱుసటి యేడు మొదలు ఇతరు లాడుచుండగా ఇంటర్నెట్టులో చూచి యానందించుట వ్యాపించినది. పిల్లలు వేలకొలదిగా వచ్చి చేరిరి, వృద్ధులు పోలేదు. అంతకు ముందే, 2006 ప్రాంతమునుండి, తమ బాల్యమునాటి నియమములను వారు మరల అచ్చువేయించుకొని ఆడుచుండిరి. హైదరాబాదు వంటి నగరములలో మన యువకులును కొందఱు ఈ క్రీడను ఆంగ్లమున నాడుచున్నారు.

ఈ విదేశీయ క్రీడను తెలుగు పరిశోధన పత్రికలో ఇంతగా వర్ణించుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని దాని వంశక్రమమును వెనుకకు చూచుకొనుచు పోయినచో చుట్టఱిక మంత దూరమైనది కాదు. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్ నగరమున హెల్విగ్ అను పండితుడు చదరంగమును విస్తరించి యుద్ధక్రీడ యొకటి రచించెను. ప్రష్యా దేశమున రైస్‌విట్జ్ అను తండ్రియు, అదే పేరుగల కుమారుడును దానిని సంస్కరింపగా, 1824లో అది సైనికుల శిక్షణములో చేరినది. నియమములు పెరిగిపెరిగి ఆట సాగని స్థితి రాగా, 1876లో ఫెర్డీ దు వెర్నువా అను సేనాని నియమగ్రంథమును తగ్గించి మధ్యవర్తి వివేకమునకే తీర్పు నప్పగించెను. నేటి సూత్రధారుడు ఆ మధ్యవర్తి సంతతివాడే. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల యుద్ధమునకు నియమములు కూర్చెను. 1969లో అమెరికా దేశపు మినియాపొలిస్ ప్రాంతమున వెస్లీ యనునాతడు సేనలకు మాఱుగా ఒక్కొక్క యాటగానికి ఒక్కొక్క మనుష్యుని పాత్ర నిచ్చి ఆడించెను. ఈ గొలుసు మొదటి కొస చదరంగము. చదరంగము మన చతురంగము. దాని ప్రస్తావము ఏడవ శతాబ్దినాటి బాణుని హర్షచరితములోనే కలదు.

అంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము అనకాపల్లి పొలిమేరకే మనలను కొనివచ్చును. పట్టణమునకు సమీపమున శంకరము కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ యను బౌద్ధక్షేత్రములు కలవు; 1907 ప్రాంతమున అలెగ్జాండర్ రే అచట త్రవ్వకములు జరిపించెను. బౌద్ధుల దీఘనికాయములోని బ్రహ్మజాలసూత్రమున శ్రమణులు వర్జింపవలసిన ఆటల పట్టిక యొకటి యున్నది. ఎనిమిది గడుల ఫలకము, పది గడుల ఫలకము, పాచికలు, కఱ్ఱబిళ్ల మున్నగునవి అందు చేరినవి. మన దేశపు ఆటల తొలి జాబితాలలో నొకటి నిషేధమువలన మనకు దక్కుట చిత్రము. ఆ పట్టికలో "ఆకాశము" అను నాట కలదు. ఫలకము లేకుండ, గడులను మనస్సుననే ఊహించుకొని ఆడునది యని దానికి వ్యాఖ్య. ఇతరుల యాలోచనను ఊహించి చెప్పు నాట మఱియొకటి. బొజ్జన్నకొండ గుహలలో వసించిన భిక్షువులకు ఇవి యన్నియు నిషిద్ధములే. బల్లమీద నేమియు లేకుండ మాటలలోనే నడచు క్రీడ పశ్చిమదేశములవారు క్రొత్తగా కనుగొన్నది కాదని చెప్పుట కీ యొక్క మాట చాలును. ఆ రెంటికిని నేరు సంబంధ మున్నదని మా వాదము కాదు.

ఇక పులిజూదము. ఒక త్రిభుజము, దాని శిఖరమునుండి క్రిందికి దిగు గీతలు, వానిని ఖండించు అడ్డగీతలు, మొత్తము 23 కూడళ్లు. ఒకవైపు 3 పులులు, రెండవవైపు 15 మేకలు. మేకల నొక్కొక్కటిగా పెట్టుదురు. అన్నియు పెట్టువఱకు మేకకు కదలిక లేదు. పులి కదలును, ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీ కూడలికి దుమికి దానిని చంపును. పులులన్నింటికి త్రోవ మూసినచో మేకలవానిది గెలుపు. నేపాళమున 4 పులులతో, 20 మేకలతో, 25 కూడళ్ల చతురస్రముపై ఆడు బాఘ్‌చాల్ దీనికి జ్ఞాతి. తమిళులకును ఈ ఆట కలదు. మన సీమలో పులులకు పెద్ద గులకఱాళ్లు, మేకలకు చింతపిక్కలు. గీయుటకు బొగ్గుముక్క చాలును.

దీని పేరు నొక క్షణము పరీక్షింపవలెను. జూదమనునది ద్యూతశబ్దభవము. ఐనను పులిజూదమున పందెము లేదు, పాచిక లేదు, దైవమునకు తా వసలే లేదు. కనుక జూదమన్న మాట ఒకప్పుడు ఫలకముమీది యాటల కన్నింటికిని వర్తించెనని మా యభిప్రాయము. పందెమును నొక్కిచెప్పుటకు నెత్తమను ప్రాచీనపద ముండనేయుండెను. మఱియొక విశేషము: చదరంగమున ఇరుప్రక్కల బలము సమానము, ఇచట ఇరువురి ధర్మమే వేఱు. ఒకడు ముగ్గురితో వేటాడును. ఒకడు పదునైదుగురిని బలియిచ్చుచు ముట్టడించును. ఆడువాడు "నా పులికి ఆకలి" యనును. "నీ మేకకు తోవ లేదు" అనును. తాను పులియై మాటాడును. పాత్రధారణ యను మాటకు ఇంతకంటె స్వల్పమైన, సంపూర్ణమైన ఉదాహరణము వెదకనక్కఱలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మండపముమీద నిరువురు వృద్ధులు పులిజూదమాడుచున్నారు. ఇది వయోధర్మమా, తరధర్మమా? వయోధర్మమైనచో, వృద్ధులకు తీఱిక యుండుటచే వారు కనబడుచున్నారు. నేటి నడివయస్కులు రేపు వృద్ధులై అదే మండపమున కూర్చుందురు. ఆటకు భయము లేదు. తరధర్మమైనచో, ఒక కాలమున పుట్టినవారు మాత్రమే దానిని నేర్చిరి. వారితోడనే అది అంతరించును. కంటికి ఈ రెండును ఒక్క తీరుననే కనబడును. నూఱేండ్ల క్రిందట ఆ మండపమునకు పోయిన పరిశోధకునికి కూడ వృద్ధులే కనబడియుందురు! పల్లెలో రచ్చబండ యెన్నడును పెద్దలదే. కావున ఆడువాని వయస్సు నడుగుట వ్యర్థము. "ఏ వయస్సున నేర్చితివి, నీవు ఎవనికి నేర్పితివి" యని యడుగవలెను.

ఈ యాటను ఎవరును ఎవరినో కూర్చుండబెట్టి పాఠముగా చెప్పినట్లు వినము. చూచుచు నేర్చుకొనిరి. ఆడువా రిరువురు, చుట్టును చూపరులు, చూపరులలో పిల్లలు. చూపరి నోరు మూసికొని యుండవలెనని మర్యాద. ఏ చూపరియు దానిని పాటింపడు. "ఆ మేకను కదపకు" అని వెనుకనుండి వచ్చు కేకయే పాఠము. అట్లు పదియేండ్ల వయస్సున నేర్చినవాడు, ఏబదియేండ్లు వ్యవసాయములో మునిగి ఆటను మఱచినను, అఱువదియవ యేట మండపమెక్కినపుడు మేకల నెచట పెట్టవలెనో వాని చేతికే తెలియును. పులిజూదమున బాల్యము విద్యాభ్యాసకాలము, వార్ధక్యము అనుభవకాలము. నడుమనున్న యౌవనము ఆటకు ఎన్నడును పెద్దగా దక్కలేదు. అందుచే యువకు లాడుటలేదని విలపించుటకంటె, పిల్లలు చూచుచున్నారా యని విచారించుట యుచితము.

ఈ కన్నువేసి చూచినపుడు సమాధాన మంత సంతోషకరముగా లేదు. పిల్లవాడు నిలుచుండి చూచిన స్థలము ఇంటి ముందటి అరుగు. రోడ్లు వెడల్పగుచు, ఇండ్లు కాంక్రీటు గోడల వెనుకకు జరుగుచు, అరుగు పోయినది. 1980 తరువాతి దశకమున టెలివిజను వచ్చి సాయంకాలమును ఇంటిలోనికి మరలించినది. చేతిఫోను పిల్లవాని చూపునే తీసికొనినది. అనకాపల్లికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణము, ఇటు పరవాడ ఔషధ కర్మాగారములు, అటు అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలి. తల్లిదండ్రులు షిఫ్టులలో పనిచేయుచుండ ఊరందఱకు ఒకే వేళ తీఱిక యను స్థితి సన్నగిల్లినది. చెఱకు, బెల్లము ప్రధానమైన యీ సీమలో పనికిని తీఱికకును ఋతువులు నియతములై యుండెడివి. శీతకాలమున మొదలైన గానుగలు వేసవి తొలినాళ్లకు ముగియును. నూకాంబిక జాతర కొత్తమావాస్యకు వచ్చును. పొలము పని పలుచబడిన ఆ యెండకాలపు మధ్యాహ్నములే ఆటకు కాలము. నెలనెల జీతమునకు ఋతువు లేదు.

స్త్రీల ఆటల సంగతి వేఱు, మాకు దోచినంతలో మఱింత విషమము. వామనగుంటలు, గవ్వలు, అచ్చనగండ్లు. ఓమనగుంటలని నిఘంటువులలో కనబడు వామనగుంటల ఫలకము ఒకప్పుడు ఇంటింటి వస్తువు. (గుంటయనగా ఈ ప్రాంతమున చిన్నపిల్ల యను నర్థముకూడ నుండుటచే, ఆట పేరు విన్న క్రొత్తవారు తికమకపడుట కలదు.) పులిజూదమునకు మండప మెట్లో, వీనికి కొన్ని సందర్భము లట్లు. కన్యక పుష్పవతియై వేఱుగా కూర్చుండు దినములలో తోడివారితో వామనగుంటలాడెడిది. శివరాత్రి జాగరమున ఇంటిల్లిపాది వైకుంఠపాళి పఱచెడివారు. ఆ యేకాంతవాసము తొలగిపోవుట స్త్రీకి మేలే. అందు మాకు సందేహము లేదు. కాని అమ్మమ్మ మనుమరాలికి చేయి తిరుగునట్లు లెక్క నేర్పిన దినములును దానితో పోయినవి. జాగరమునకు ఇపుడు సినిమా యున్నది. అష్టాచెమ్మా యన్నచో నేటి విద్యార్థికి 2008 నాటి చలనచిత్రము స్ఫురించునే గాని, నాలుగు గవ్వలు వెల్లకిల పడిన చెమ్మ, బోర్లపడిన అష్ట యని తోచదు.

బల్లమీది ఆట యగుటచేతనే యివి క్షీణించెనందుమా? అట్లనుటకు చదరంగము అడ్డువచ్చును. అది కాలము గడచినకొలది బాలుర క్రీడయైనది. గుంటూరు వాసి పెంటేల హరికృష్ణ 2001లో, గుడివాడ పుట్టినిల్లుగా గల కోనేరు హంపి 2002లో పదునైదవ యేటనే గ్రాండ్‌మాస్టరు లైరి. ద్రోణవల్లి హారిక 2011లో ఆ బిరుదము నందెను. దీనికి మూలము ఎత్తులను వ్రాసియుంచు పద్ధతి. 1829లోనే మద్రాసున గులాం కాసిం అను నాటగాడు జేమ్స్ కాక్రేనుతో గూడి ఒక ప్రారంభపుటెత్తుపై విమర్శ ప్రకటించెను. దానిని నేడును చదువవచ్చును. వ్రాసిన యాటకు గురువు మరణించినను భయము లేదు. పులిజూదమున ఎత్తులు వ్రాయు సంప్రదాయ మేర్పడలేదు. ఆడినది ఆడినట్లే గాలిలో కలియును.

ఐతే చదరంగము చెల్లించిన మూల్యమును మఱువరాదు. మన పాత యాటలో బంటు మొదటి యెత్తున రెండు గడులు దూకదు. రాజు ఒక్కమాఱు గుఱ్ఱమువలె దుముకవచ్చును. బ్రిటిషు చాంపియను పదవిని 1929, 1932, 1933 సంవత్సరములలో గెలిచిన పంజాబువాసి మీర్ సుల్తాన్ ఖాన్ బాల్యమున నేర్చినది ఆ దేశీయ పద్ధతియే. చదరంగము బ్రదికినది, మన చదరంగము పోయినది. పులిజూదమునకు ఫోనులలో ఇదివఱకే రూపములు వచ్చియున్నవి. వానివలన ఆట పేరు నిలుచునని కొందఱు సంతోషింతురు. కాని యంత్రము ఎవడో యొకడు వ్రాసిన ఒక్క నియమావళినే ఎఱుగును. వెనుకనుండి కేకవేయు చూపరిని అది యెఱుగదు.

తెలుగు అధ్యాపకులకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత కలదని మేమనుటకు హేతువు భాష. ఆట పోయినను మాట పోలేదు. పావులు కదుపుట, ఎత్తుకు పైయెత్తు, పాచిక పాఱుట, నిచ్చెన యెక్కినవానిని పెద్దపాము మ్రింగుట: ఇవి ప్రతిదినము వార్తాపత్రికలలో కనబడుచునేయున్నవి. వానిని వ్రాయు యువకుడు పాచికను చేతబట్టి యుండకపోవచ్చును. మాట యిట్లు కొంతకాలము నడచును. పిమ్మట అర్థము జాఱి, వట్టి శబ్దముగా మిగులును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలోని ఆటల పట్టికను పాఠము చెప్పుచు, పేరు తరువాత పేరు చదివి "ఇవి యొకవిధమగు బాలక్రీడలు" అని ముగింపని అధ్యాపకు డెవడు? సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములందలి ఆటలను యుగయుగమునకు వెదకి చూపిరి. ఆ గ్రంథము వెలువడిననాడు పల్లెలలో ఆ యాటల నెఱిగిన వృద్ధులు పెక్కు రుండిరి; ఆనాడు చూపరులైన పిల్లలే నేటి వృద్ధులు. హంసవింశతికి సజీవవ్యాఖ్యాతలు వీరే యని మేము తలచుచున్నాము.

కావున పరిశోధక విద్యార్థు లీ పని కింకను పది పదునైదేండ్లు వ్యవధి యున్నదని తలపరాదు. చేయవలసినది కష్టమైనది కాదు. ఆట నెవరి ప్రక్కన నిలిచి నేర్చెను, అప్పటికి వయస్సెంత, తాను గెలిచిన పిల్ల లెవరైన నున్నారా, పులి వరుసగా రెండు మేకల నొకే యెత్తున చంపవచ్చునా, ఎన్ని మేకలు పోయినచో ఓటమి, మేకకు ప్రాణము పోయినపుడు ఏ మాట యందురు: ఇవి యడిగి, విన్న మాటను విన్నట్లే, సంస్కరింపకుండ వ్రాసికొనవలెను. ప్రక్క ఊరిలో నియమము మాఱినచో దానిని తప్పుగా భావింపక వేఱుగా నమోదు చేయవలెను. జాతర ముగిసిన పిమ్మటి యెండకాలము ఇందుకు తగిన సమయము.

కాగితముపై అచ్చొత్తిన ఫలకమును కొనిపోవుట మంచిది కాదు. దానిని చూచి వృద్ధుడు తన గీతను దిద్దుకొనును. సుద్దముక్క నొకదానిని చేతికిచ్చి గీయుమనవలెను. ముందు శిఖరమును గీయునో, అడ్డగీతలను గీయునో చూచి వ్రాసికొనవలెను. పిమ్మట పరిశోధకుడు మేకలవైపు కూర్చుండుట మేలు. పదునైదు మేకలను పెట్టునంతలో ఓటమి తప్పదు గాని, ఎదుటివాడు ఈలోగా చెప్పవలసిన దంతయు చెప్పివేయును.